వెండెల్ కాదన్న సంఖ్య

వెండెల్ హౌగెన్‌కు ఇరవై రెండేళ్లుగా ఒకటే పిచ్చి. లోకంలో ఇంతవరకూ ఎవరికీ దొరకనంత పెద్ద ప్రధాన సంఖ్యను, అంటే ఒకటితోనూ తనతోనూ తప్ప మరి దేనితోనూ భాగం పోని సంఖ్యను, తానే కనిపెట్టాలి. మా డులూత్ ఊళ్లో ఆయన గరాజ్ నిండా కంప్యూటర్లే. పక్కింటిదాన్ని కనుక ఆ పిచ్చి నాకూ అంటించాడు.

ఈ వేటకు ఒక సంఘం ఉంది. రెండును దానితోనే కోట్లసార్లు గుణించి ఒకటి తీసేస్తే వచ్చే సంఖ్యలను మాకు పంచుతుంది. వారాల తరబడి లెక్క నడిచి చివర సున్నా మిగిలితే అది ప్రధాన సంఖ్య, ఇంకేది మిగిలినా కాదు. యంత్రాలూ తప్పుతాయి కనుక, కాదని తేలినదాన్ని కొన్నేళ్లకు మరొకరిచేత మళ్లీ చేయిస్తారు. ఆ రెండో పని ఎవరికీ గిట్టదు. నా ముసలి కంప్యూటర్‌కు ఎప్పుడూ అదే గతి.

వెండెల్ మాత్రం ఆగలేని మనిషి. తయారుచేసినవాళ్లు పెట్టిన వేగపు హద్దు దాటించి మరీ తన యంత్రాన్ని పరుగెత్తించేవాడు. "మార్లిస్, నీ నత్త ఎందాకా పాకింది?" అని రోజూ కంచె మీదుగా వెక్కిరింపు. నేనూ ఊరుకునేదాన్ని కాదు, నీ మిషన్ వేడికి గుడ్లు వేయించుకోవచ్చు కదా అనేదాన్ని.

మంగళవారం ఉదయం కాఫీ పోసుకుంటూ తెర చూశాను. సున్నా. కప్పు నిండి బల్లంతా పొర్లుతున్నా నాకు తెలియలేదు. సంఘంవాళ్లు మరో రెండు యంత్రాల మీద చేయించి, నిజమేనని ఫోన్ చేశారు. దీన్ని మొదట చేసి కాదన్నదెవరని అడిగాను. పేరు చెప్పారు. మళ్లీ ఒకసారి చెప్పమన్నాను.

ఆరేళ్ల కిందట అది వెండెల్ చేతికే వచ్చింది. నియమం ప్రకారం సున్నా చూసినవాళ్లకే పేరు. సంతోషించాల్సింది పోయి సిగ్గేసింది నాకు. ఆయనకు పేపర్లో తెలియడంకన్నా నేను చెప్పడమే నయమనుకుని ఆయన గరాజ్‌కు వెళ్లాను.

"నాకొకటి దొరికింది, వెండెల్. ఆరేళ్ల కింద నువ్వు కాదన్నదే."

ఆటపట్టిస్తున్నాననుకుని నవ్వాడు. నేను నవ్వలేదు.

"నా మిషన్ తప్పు చెప్పిందా?"

"అంత వేగానికి తట్టుకోలేకపోయుంటుందని సంఘంవాళ్లన్నారు."

తిడతాడనుకున్నాను. చేయి చాచి నన్ను అభినందించాడు. తర్వాత గోడ మీది పట్టిక వైపు తిరిగాడు. ఆ యంత్రం కాదని తేల్చిన సంఖ్యలన్నీ అందులో ఉన్నాయి. వాటిని వేలితో ఒక్కొక్కటే లెక్కపెట్టుకుంటూ పోయాడు.

"మూడొందల పదకొండు," అన్నాడు. "ఇప్పుడు వీటిల్లో ఏది నిజంగా కాదని నమ్మాలి, మార్లిస్?"