పదిహేడో సంతకం

బజారు వీధిలో అందరూ అతన్ని కోట్లాయన అనేవారు. కోట్లు గడించాడని కాదు, కోట్లు కుట్టించి అమ్ముతాడని. తండ్రి పెట్టిన టైలరు షాపు అది. ముందు గదిలో బట్టల తానులు, కొలతల పుస్తకం, నిలువుటద్దం. వెనక గదిలో నాలుగు కుట్టుమిషన్లు, వాటికెదురుగా పొడవాటి కత్తిరింపు బల్ల. ఆ బల్ల దగ్గర ముప్ఫై ఒక్క ఏళ్లుగా నిలబడ్డ మనిషి మాస్టరు. వయసులో కోట్లాయన కంటే తొమ్మిదేళ్లు పెద్ద. తండ్రి హయాంలో పనికి చేరాడు కాబట్టి, యాభై దాటిన యజమానిని ఇంకా "అబ్బాయిగారూ" అనే పిలిచేవాడు.

మాస్టరు పొద్దున తొమ్మిదికి వచ్చేవాడు, చీకటి పడ్డాక వెళ్లేవాడు. ఎక్కణ్ణుంచి వస్తాడో కోట్లాయనకి తెలుసు. ఊరు పెరుగుతూ పెరుగుతూ పోయి ఆగినచోట, రాతి క్వారీ పక్కన వెలిసిన కొత్త కాలనీ. ఎలా వస్తాడన్నది మాత్రం ఏనాడూ అడగలేదు. తొమ్మిదయ్యేసరికి మనిషి బల్ల దగ్గర ఉండేవాడు. అంతకుమించి తెలుసుకోవాల్సిన అవసరం ఉందని అతనికి తోచలేదు.

ఆ ఏడు కార్పొరేషన్ వాళ్లు ఒక పథకం తెచ్చారు. శివారు కాలనీల నుంచి బజారు వీధి మీదుగా పెద్దాసుపత్రి దాకా, రోడ్డుకి రెండు పక్కలా ఒక్కో వరసని బస్సులకే వదిలెయ్యాలి. ఆ వరసలో కారు పోకూడదు, ఆగకూడదు. దానికి తోడు అరవై కొత్త బస్సులు. ఖర్చులో సగం పై ప్రభుత్వం ఇస్తుంది. మిగతా సగం ఊరే ఇంటిపన్ను మీద కొంత, పార్కింగ్ మీద కొంత వేసి సమకూర్చుకోవాలి. ఆర్థిక సంవత్సరం ముగిసేలోగా కౌన్సిల్ తీర్మానం చెయ్యకపోతే పైనుంచి వచ్చేది వెనక్కి పోతుంది.

ఆ పథకం తయారుచేసిన ఇంజనీరు కోట్లాయనకి సొంత మేనకోడలు, అక్క కూతురు. ఆ పిల్ల బడికి వేసుకెళ్లిన యూనిఫాంలన్నీ మాస్టరు కత్తిరించినవే.

కోట్లాయన వర్తక సంఘం కార్యదర్శి. మాటకారి. షాపు ముందు కారు ఆగకపోతే బేరం మొత్తం వీధి దాటి పోతుందని అతని భయం. తోటి షాపులవాళ్ల భయమూ అదే. మేనకోడలు ఇంటికొచ్చి కాగితాలు పరిచి చెప్పబోతే, "అమ్మడూ, భోజనం చెయ్యి ముందు. ఆఫీసు సంగతులు ఆఫీసులో," అని నవ్వి తోసేశాడు.

తర్వాతి వారం సంఘం తరఫున వ్యతిరేక పత్రం రాయించి సంతకాలు సేకరించాడు. షాపులవాళ్ల సంతకాలు ఎలాగూ ఉంటాయి, పనివాళ్లవి కూడా ఉంటే బరువుగా ఉంటుందని తనకే తట్టింది. తన షాపుతోనే మొదలుపెట్టాడు.

మాస్టరు సుద్దముక్క పక్కన పెట్టి, కళ్లజోడు సవరించుకుని, కాగితం మొదటి నుంచి చివరిదాకా చదివాడు. మిషన్లవాళ్లెవరూ అంతసేపు చదవలేదు.

"అంటే, ఆ బస్సులు ఇంక రావంటారా అబ్బాయిగారూ?"

"బస్సులు ఎక్కడికి పోతాయి మాస్టారూ? ఇప్పుడొస్తున్నట్టే వస్తాయి. రోడ్డు మనకి లేకుండా పోతుందనే మన గొడవంతా!"

మాస్టరు ఏదో అనబోయినట్టు కనిపించాడు. ముందు గదిలో ఎవరో కొలతలకి వచ్చి పిలిచారు. కోట్లాయన అటు తల తిప్పి మళ్లీ ఇటు చూసేసరికి సంతకం అయిపోయింది. చేతికి అంటిన సుద్ద కాగితం మూల మీద తెల్లటి వేలిముద్రలా పడింది.

కౌన్సిల్ హాల్లో బహిరంగ సభ పెట్టారు. మేనకోడలు గోడమీద మ్యాపు చూపించి, ఏ కాలనీ నుంచి ఎందరు వస్తున్నారో, ఎంతసేపు పడుతోందో, నెమ్మదిగా, ఒక్క తప్పు లేకుండా చెప్పింది. జనం ఆవలించారు. తర్వాత కోట్లాయన లేచాడు.

"ఈ అమ్మాయి నా మేనకోడలండీ. చిన్నప్పుడు నా భుజాలెక్కి ఊరంతా తిరిగింది. ఇప్పుడు బస్సుల్ని కూడా నా నెత్తికే ఎక్కిస్తోంది." హాలంతా నవ్వింది. "కోటు కుట్టించుకునేవాడు బస్సులో వేలాడుతూ వస్తాడా? ఇస్త్రీ మా షాపులో చేస్తే, నలపడం మీ బస్సులో చేస్తారా?" ఇంకా నవ్వారు. చివరికి కాగితం పైకెత్తి చూపించాడు. "మా పనివాళ్లు కూడా సంతకాలు పెట్టారు. బస్సెక్కేవాళ్లే ఈ బస్సులు మాకొద్దంటుంటే, మరి ఎవరికోసమండీ ఈ తాపత్రయం?"

ఆ మాటకి చప్పట్లు మోగాయి. కాగితం చేతులు మారి మేనకోడలి దగ్గరికి వెళ్లింది. ఆమె వేలు పెట్టి వరసగా చూసుకుంటూ పోయి ఒకచోట ఆగింది. తలెత్తి మేనమామ వైపు చూసింది. చెప్పాల్సింది ఇంకా ఉన్నా, కాగితం మడిచి పక్కన పెట్టి కూర్చుంది.

తీర్మానం వాయిదా పడింది. గడువు దాటింది. పైనుంచి రావాల్సిన డబ్బు వేరే ఊరికి వెళ్లిపోయింది.

రెండు నెలల తర్వాత అక్క ఇంట్లో మేనకోడలు ఎదురుపడింది. "ఇంకా అలకేనా?" అన్నాడు కోట్లాయన తేలిగ్గా.

"అలక కాదు మామయ్యా. ఆ కాగితంలో పదిహేడో సంతకం ఎవరిదో చూశావా?"

"మాస్టరుది. నేనే పెట్టించాను."

"సర్వే చెయ్యడానికి నేను క్వారీ కాలనీకి వెళ్లాను. ఐదున్నరకి, ఇంకా సరిగ్గా తెల్లవారకుండానే, స్టాపులో నిలబడి ఉన్నారు మాస్టారు. ఆరింటి బస్సు నిండిపోయి వెళ్లిపోతే ఆరున్నరది. మధ్యలో దిగి ఇంకో బస్సు. ఆటో కావాలంటే రోజు కూలిలో సగం దానికే. నన్ను గుర్తుపట్టి, 'చిన్నమ్మాయిగారూ, ఆ బస్సుల దారి ఎప్పటికి తెరుస్తారు?' అనడిగారు. ఎంత సంబరంగా అడిగారో నీకు తెలీదు."

"మరి నాతో ఒక్క ముక్క అనలేదే?"

"నువ్వు అడిగావా?"

మర్నాడే మాస్టరుతో మాట్లాడాలనుకున్నాడు. ఎలా మొదలుపెట్టాలో తెలియలేదు. తప్పయిందని చెబితే పలుచనైపోతానేమోనని ఒక పక్క, సీజను నడుస్తోందని ఇంకో పక్క. ఇవాళ కాదు రేపు అనుకుంటూ ఏడాది గడిపేశాడు.

ఆ ఏడాదిలో రోడ్డు మీద రద్దీ రెట్టింపయింది. మాస్టరు తొమ్మిదింపావుకి, తొమ్మిదిన్నరకి రావడం మొదలైంది. వచ్చీ రాగానే బల్ల అంచు పట్టుకుని కాసేపు నిలబడేవాడు. ఒకరోజు పెళ్లికొడుకు కోటు చేతులు రెండూ ఒకే వైపువి కత్తిరించాడు. ముప్ఫై ఏళ్లలో అలాంటిది జరగలేదు. పెళ్లివారు ఎదురుగానే ఉన్నారు. కోట్లాయనకి తల కొట్టేసినట్టయింది.

"నిద్ర ఇంట్లో పోయి రావాలి మాస్టారూ, బల్ల మీద కాదు!"

మిషన్లు నాలుగూ ఆగిపోయాయి. మాస్టరు కొత్త తాను దింపి, మళ్లీ కొలిచి, మళ్లీ కత్తిరించి, ఆ రోజు పని ముగించుకునే వెళ్లాడు. నెలాఖరున వచ్చి, "కాళ్లు మాట వినడంలేదు అబ్బాయిగారూ. ఇంక సెలవిప్పించండి," అన్నాడు. తన కత్తెరని పాతగుడ్డలో చుట్టి సంచిలో పెట్టుకున్నాడు. కోట్లాయన గుమ్మందాకా వెళ్లి, "నాలుగు రోజులు విశ్రాంతి తీసుకుని వచ్చెయ్యండి," అన్నాడు. వస్తాడనే నమ్మాడు.

మూడు నెలలు చూశాడు. ఆదివారం కాకుండా, కావాలనే ఒక పనిరోజున బయల్దేరాడు. కారు తాళాలు చేతిలోకి తీసుకుని, మళ్లీ కొక్కేనికి తగిలించి, బస్టాపుకి నడిచాడు. మొదటి బస్సులో ఒంటికాలి మీద నిలబడ్డాడు. రెండో బస్సులో ఒకామె చంటిపిల్లని ఒళ్లోకి జరుపుకుని, "కూర్చోండి పెద్దాయనా," అంది. పెద్దాయన అనిపించుకోవడం అదే మొదటిసారి. క్వారీ కాలనీలో దిగేసరికి రెండు గంటల పది నిమిషాలైంది. నడుం పట్టేసింది.

మాస్టరు వరండాలో మిషను వేసుకుని స్కూలు యూనిఫాంలు కుడుతున్నాడు. నాలుగేళ్ల మనవరాలు వీపుమీద పడి వేలాడుతోంది. అతన్ని చూడగానే గబగబా లేచాడు.

"అబ్బాయిగారూ! బస్సులోనా వచ్చారు? కబురు పెడితే నేనే వద్దును కదా!"

మాస్టరు భార్య కుర్చీ తుడిచి వేసి, టీ ఇచ్చి, నవ్వుతూ చెప్పింది. "ఈ పిల్ల చూశారా బాబూ? ఇదివరకు దీనికి తాత మొహమే తెలీదు. లేవకముందే పోయేవారు, పడుకున్నాక వచ్చేవారు. ఆదివారం ఇంట్లో కనిపిస్తే ఎవరో వచ్చారని నా వెనక దాక్కునేది."

ఆమె సరదాగానే చెప్పింది. కోట్లాయన టీ గ్లాసు కింద పెట్టేశాడు.

"ఆ రోజు సంతకం ఎందుకు పెట్టారు మాస్టారూ?"

మాస్టరు మళ్లీ మిషను ముందు కూర్చుని యూనిఫాం దగ్గరికి లాక్కున్నాడు. "మీరడిగారు కదండీ."

"వద్దనొచ్చు కదా!"

"నాన్నగారి రోజుల్నించీ మీ ఇంటి మాట కాదన్నది లేదు. అలవాటు." దారం తెంపి అన్నాడు. "నాదీ తప్పే. నోరు తెరిచి చెప్పుంటే మీరు వినేవారేమో. అప్పుడు నాకు ధైర్యం చాల్లేదు."

వినేవాడినేనా? కోట్లాయన తనలో తనే అడిగి చూసుకున్నాడు. ఆ పెళ్లివారి ముందు అన్నమాటకి క్షమించమన్నాడు. "పాత సంగతులెందుకు లెండి," అని మాస్టరు తల వంచుకున్నాడు. రానూపోనూ ఆటో ఏర్పాటు చేస్తాను, మళ్లీ రమ్మన్నాడు కోట్లాయన. మాస్టరు మనవరాలి జుట్టు సర్దుతూ, "ఇంక వద్దులెండి," అన్నాడు. మెత్తగా అన్నా అది తెగేసి చెప్పిన మాటేనని అర్థమైంది.

ఏడాదిన్నర తర్వాత బస్సుల దారి మళ్లీ చర్చకొచ్చింది. ఈసారి పైనుంచి సాయం లేదు, మొత్తం ఊరే భరించాలి. కోట్లాయన సంఘంలో చెప్పీ చెప్పీ, ఎవరూ వినకపోతే కార్యదర్శి పదవి వదులుకుని, ఒక్కడే కౌన్సిల్ హాల్లో లేచాడు. పన్ను వెయ్యండి, మా షాపుల మీదే ముందు వెయ్యండి, దారి మాత్రం ఇవ్వండి అన్నాడు. క్వారీ కాలనీ నుంచి తనకెంతసేపు పట్టిందో చెప్పాడు.

వెనక వరసలోంచి ఎవరో అరిచారు. "ఇస్త్రీ మీ షాపులో, నలపడం బస్సులోనా కోట్లాయనా?"

హాలంతా నవ్వింది. అప్పుడు నవ్వినవాళ్లే. అది ఒకప్పటి తన మాటే. పక్కన ఇంజనీర్ల వరసలో మేనకోడలు ఉంది. ఆమె ఒక్కతే నవ్వలేదు. చివరికి ప్రత్యేక దారి లేకుండా, ఆ కాలనీకి నాలుగు బస్సులు పెంచి ఊరుకున్నారు. అంతకు మించి చెయ్యడానికి ఖజానాలో లేదన్నారు.

బయటికొచ్చాక మేనకోడలు అతని పక్కనే నడిచింది. "బాగా మాట్లాడావు మామయ్యా," అంది. మూడేళ్ల కిందట మాట్లాడుంటే అన్న మాట ఆమె అనకపోయినా అతనికి వినబడింది.

ఆ కొత్త బస్సులు తిరగడం మొదలైన వారంలోనే, సభలో జరిగింది మాస్టరుకి చెప్పడానికి వెళ్లాడు. మాస్టరు అంతా విన్నాడు. "నాలుగు బస్సులంటే తక్కువేం కాదు లెండి. మా వీధి పిల్లలు కాలేజీకి పోతారు," అన్నాడు. అది ఓదార్పో, నిజంగా సంతోషమో కోట్లాయన తేల్చుకోలేకపోయాడు.

సాయంత్రం నాలుగింటికి మాస్టరు స్టాపు దాకా తోడొచ్చాడు. ఇద్దరూ క్వారీ దుమ్ములో నిలబడ్డారు. పెంచిన నాలుగింట్లో ఒకటి, ఇంకా రంగు వాసన పోనిది, మలుపు తిరిగి వచ్చింది. ఫుట్‌బోర్డు మీద కూడా జనం ఉన్నారు. డ్రైవరు చెయ్యి ఊపి, ఆపకుండానే వెళ్లిపోయాడు.

"ఇంకో అరగంటకి వస్తుంది అబ్బాయిగారూ," అన్నాడు మాస్టరు. "అలా రాయి మీద కూర్చోండి. అలవాటు లేని కాళ్లు."