చింతమొద్దు మీద చేపల మిషన్

కృష్ణ మీద డ్యాం కట్టినప్పుడు వెనక నీళ్లలో మునిగిపోయిన మా పాత ఊరు నాకు ఎంత బాగా తెలుసంటే, నా కళ్లకు తువ్వాల కట్టి పుట్టి పడవలో కూర్చోబెట్టండి. పుట్టి ఎవరి ఇంటి మీదుగా పోతున్నదో, ఆ ఇంట్లో పొయ్యి ఏ మూల ఉండేదో, ఊరు ఖాళీ చేసిన రోజు ఆ పొయ్యి మీద ఏం కూర ఉడికిందో చెప్పేస్తాను. మా రేవులో ఎవరినైనా అడగండి. మల్లేశ్‌ను మాత్రం అడగకండి. వాడు ఆవలించినా అబద్ధమే బయటికొస్తుంది.

మల్లేశ్ నాకు బామ్మర్ది వరస. పాత ఊళ్లో వాళ్ల ఇల్లూ మా ఇల్లూ పక్కపక్కనే ఉండేవి. మధ్యలో ఒక రాతిగోడ, గోడను ఆనుకొని ఒక చింతచెట్టు. నీళ్లొచ్చాక చెట్టు పోయి మొద్దు మిగిలింది. ఆ మొద్దు చుట్టూ బొచ్చె చేపలు, రవ్వ చేపలు పెళ్లి పందిట్లో చుట్టాల్లాగా మూగుతాయి.

మా రేవులో ఒక కట్టుబాటు ఉంది. మునిగిన ఊరి మీద ఎవరి ఇంటి మీది నీళ్లలో వాళ్లే వల వేయాలి. ఇల్లు పోయినా దాని మీది నీళ్లు వాళ్లవే. మా ఇంటి మీది నీళ్లను నేను నా చెల్లెలు జోగులమ్మకు వదిలేశాను. చేపలు పట్టడం కంటే వాటి గురించి చెప్పడం నాకు బాగా వచ్చు మరి. ఆ మొద్దు దగ్గర పడిన చేపలతోనే ఆమె ఇల్లు నడుస్తుంది. ఆమె మనవరాలు మానస నాగర్‌కర్నూల్‌లో ఉండి నర్సు చదువు చదువుతున్నదంటే ఆ చేపల చలవే. మొద్దు చేజారితే ఆ పిల్ల పెట్టె సర్దుకొని ఇంటికి రావలసిందే.

మల్లేశ్ వాదమేమిటంటే, చెట్టు గోడకు వాళ్ల వైపున ఉండేదట. ఈ వాదం మీద పోయిన ఏడు జోగులమ్మ వలలు తెగాయి. ఎవరు కోశారో నాకు తెలుసు. తర్వాత వారానికి మల్లేశ్ వలలు తెగాయి. అవి ఎవరు కోశారో కూడా తెలుసు గానీ, తోడబుట్టినది కాబట్టి చెప్పను.

చివరికి మా మత్స్య సొసైటీ పెద్ద శివశంకర్ ఇద్దరినీ రేవులో నిలబెట్టాడు.

"సొసైటీకి నీళ్లల్ల చేపలు చూపెట్టే మిషన్ ఎట్లాగూ కొనాలె. అడుగుల ఏమున్నదో మ్యాప్ గీసేది కొందాం. మొద్దు గోడకు ఎటు దిక్కు చూపిస్తే అటోళ్లది. ఆ తర్వాత నోరు లేపినోళ్లు రేవుకు రావొద్దు. ఒప్పుకుంటరా?"

"మల్లేశ్ ఒప్పుకుంటే నేను ఒప్పుకుంట," అంది జోగులమ్మ.

"వదిన ముఖం మాడుతుంటే చూడాలె. నాకు గదే చాలు," అన్నాడు మల్లేశ్.

వనపర్తిలో పడవ మోటార్లు, పంపులు అమ్మే శ్రవణ్ కుమార్ రెండు మిషన్లు పట్టుకొని రేవుకు వచ్చాడు. ఒకటి నారింజపండంత బంతి. రెండోది పలకంత తెర ఉన్నది, దాని కన్నును పడవ కింద బిగించాలి.

"ఈ బంతిని నీళ్లల్ల ఏస్తే తేలుతది. కింద ఏమున్నదో ఫోన్‌కు పంపిస్తది, మ్యాప్ గీస్తది," అన్నాడు శ్రవణ్ కుమార్. "మామూలు నీళ్లకు పనికొస్తది, మంచుకు గూడ పనికొస్తది."

"మంచేందయ్యా?" అంది జోగులమ్మ.

"చల్లటి దేశాలల్ల చెరువులు గడ్డకడ్తయమ్మా. జనం దాని మీద నడుచుకుంట పోయి, బొక్క కొట్టి, అందులకెళ్లి గాలమేస్తరు. బంతిని ఆ బొక్కల ఏస్తరు."

"మనకు పనికొస్తది తీస్కో చెల్లే," అన్నాను. "మల్లేశ్ గుండె ఎప్పటిసందో గడ్డకట్టి ఉన్నది. బొక్క కొట్టి చూద్దాం, లోపల ఏమన్న కదులుతున్నదేమో."

"నీ నోటికి మూతపెట్టే మిషన్ ఉంటే ముందుగాల గది చూపెట్టమను బావా," అన్నాడు మల్లేశ్.

నేను ఊరుకోలేదు. ఒక మాఘమాసంలో కోడేరు చెరువు గడ్డకట్టిందనీ, దాని మీద నేను సైకిల్ తొక్కాననీ, కింద నుంచి ఒక వాలుగ చేప నా చక్రాన్ని వాసన చూస్తూ అవతలి ఒడ్డుదాకా వచ్చిందనీ శ్రవణ్ కుమార్‌కు చెప్పాను. "నిజమా పెద్దాయనా!" అన్నాడు. సరుకు అమ్ముడుపోయేదాకా అమ్మేవాళ్లు ఏదైనా నమ్ముతారు.

మల్లేశ్‌కు బంతి నచ్చింది. జోగులమ్మకు తెర నచ్చింది. ఎందుకని అడిగితే, "బంతి మ్యాప్ ఫోన్ల ఉంటది. ఫోన్ ఈ మల్లేశ్ గాని జేబుల ఉంటది. రేవోళ్ల గుట్టంత ఈని జేబుల పెడ్తమా?" అంది.

"నీకు ఫోన్ నొక్కరాదు, అందుకేడుస్తున్నవ్ వదినా."

"నీకు వల ఏయరాదు. అందుకు నేనెన్నడన్న ఏడ్చిన్నా?"

రెండూ చూసి తేల్చుకుందాం అన్నాడు శివశంకర్. మొద్దు ఎక్కడుందో ముందు ఎవరైనా చూపాలి కదా. నేను కళ్లకు తువ్వాల కట్టుకొని పుట్టిలో కూర్చున్నాను. తెడ్డు మల్లేశ్ వేశాడు. గాలి చెంపకు తగలడాన్ని బట్టి, నీళ్ల చప్పుడును బట్టి లెక్కగట్టి, "ఆపు! ఇదే!" అన్నాను. బంతి దించారు. ఫోన్‌లో బురద కనిపించింది. మొద్దు లేదు, గోడ లేదు, గులకరాయి కూడా లేదు. తువ్వాల తీసి చూస్తే మేము పాత ఊరు దాటి జొన్నచేల మీదికి వచ్చేశాం.

"ఈడ పొయ్యి ఏ మూలకున్నది బావా? ఏం కూర?" అన్నాడు మల్లేశ్.

"మట్టి కూర. మంచిగున్నది, తింటవా?" అన్నాను. నాకైతే నవ్వాగలేదు. పైన రాసిన గొప్పంతా ఆ బురదలో కలిసిందని మీరు అనుకుంటే సరిగ్గానే అనుకున్నారు.

జోగులమ్మ మాత్రం నవ్వలేదు. "అన్నా, నువ్వు పోయి మల్లేశ్ దిక్కు ఉండు. నీ సాయం వానికే ఉండని," అని అరిచింది. ఆమె తన పుట్టిలో వెళ్లి, రాయి కట్టిన తాడును దించి, మొద్దు తగిలే చోటు తానే పట్టుకుంది.

నన్ను ఒడ్డున దింపేశాక బంతి పని మొదలైంది. మా పుట్టి గుండ్రంగా ఉంటుంది, తెడ్డు వేసినప్పుడల్లా తిరుగుతుంది. బంతిని దానికి కట్టి మల్లేశ్ ఒక చుట్టు వచ్చేసరికి ఫోన్‌లో మ్యాపు కాదు, జిలేబి వచ్చింది. బొమ్మ ఒకటే ఊగులాడుతున్నది. మల్లేశ్ ఫోన్‌ను అటూ ఇటూ నొక్కి, మంచు బొమ్మ ఉన్న మీట మీద వేలు పెట్టాడు. ఊగులాట ఆగి మ్యాపు నిలబడింది.

"సూడుండ్రి, నాకు ఫోన్ నొక్కొస్తది!" అని అరిచాడు.

బంతిని దించుతూ, ఫోన్‌లో రాయి కనబడినచోటల్లా ఒక చుక్క పెట్టాడు. చుక్కలన్నీ వరసగా వచ్చాయి. అది గోడ. ఇక మిగిలింది మొద్దు. మల్లేశ్ పుట్టిని జోగులమ్మ వైపు తిప్పాడు.

"ఆగు!" అంది జోగులమ్మ. "నా వలల మీదికి నీ పుట్టి వస్తే తెడ్డు విరగ్గొడ్త. బంతి ఇటు విసురు."

మల్లేశ్ బంతి విసిరాడు. ఫోన్ వాడి దగ్గరే ఉంది. జోగులమ్మ తన పుట్టిలోంచి సరిగ్గా మొద్దు మీద బంతిని దించింది. మల్లేశ్ చుక్క పెట్టి, చూసి, ఎగిరి గంతేశాడు. చుక్క గోడకు వాడి వైపున పడింది.

"నా దిక్కే! నా దిక్కే! వలలు తియ్యి వదినా!"

ఒడ్డు మీద ఉన్న వాడి అన్నదమ్ములు ఈలలు వేశారు. జోగులమ్మ ముఖం నల్లబడింది. నాకు మానస పెట్టె సర్దుకుంటున్నట్టు కళ్ల ముందు కనబడింది. జోగులమ్మ వలలు ముట్టుకోలేదు. పుట్టిని మల్లేశ్ పుట్టికి ఆనించి ఫోన్‌లోకి తొంగి చూసింది.

"నేను బంతి దించింది యాడ? ఈ చుక్క ఉన్నది యాడ? ఇది నువ్వు నిలబడ్డ చోటు గదరా!" అని ఒడ్డుకు తిరిగి అరిచింది. "ఓ వనపర్తాయనా! ఈ చుక్క బంతి ఉన్నకాడ పడ్తదా, ఫోన్ ఉన్నకాడ పడ్తదా?"

శ్రవణ్ కుమార్ నసిగాడు. "మామూలుగ బంతి ఉన్నకాడనేనమ్మా. మంచు మీట నొక్కితే మాత్రం ఫోన్ ఉన్నకాడ. మంచు మీద మనిషి బొక్క పక్కనే నిలబడ్తడు గద, ఫోన్, బంతి ఒక్కకాడనే ఉంటయని..."

"దొంగముండాకొడుకా!" అని జోగులమ్మ ఫోన్ లాక్కుంది. మల్లేశ్ దాని కోసం వంగాడు. పుట్టి వాలింది. వాడు తలకిందులుగా నీళ్లలో పడి, నాచు నెత్తిన పెట్టుకొని పైకి తేలాడు. రేవంతా నవ్వింది. నేను ఒడ్డు మీద కూలబడి నవ్వాను.

"నాకు తెల్వదు, మంచు సంగతి నాకు తెల్వదు," అని వాడు ఒట్లు పెట్టాడు. తెలియకపోయి ఉండవచ్చు. ఆమె వాడి పుట్టిని రానివ్వకపోతేనే కదా బంతి ఒకచోట, ఫోన్ ఒకచోట అయ్యాయి. కానీ ఆ మాట నేను ఆ రోజు అనలేదు.

ఇక తెర మిషన్‌ను సొసైటీ మోటారు పడవకు బిగించారు. పడవ పుట్టిలా తిరగదు. శివశంకర్ మమ్మల్ని ఎక్కించుకొని, చేనులో నాగలి సాలు తోలినట్టు అటూ ఇటూ నడిపాడు. తెర మీద మా ఊరు మెల్లగా పైకొచ్చింది.

మా ఇంటి పునాది కనిపించింది. వాళ్ల ఇంటి పునాది కనిపించింది. రెండింటి మధ్య ఎడ్లబండి పోయేంత ఖాళీ ఉంది. ఆ ఖాళీ ఊరి చివరిదాకా తిన్నగా సాగింది. మేము కొట్టుకుచస్తున్న గోడ సరిగ్గా ఆ ఖాళీ నడుమ ఉంది. దాన్ని ఆనుకొని మొద్దు.

"ఇది బజారు గద, ఊరందరు నడిచే దారి," అన్నాడు శివశంకర్. "మీ అయ్యలిద్దరు చెరింత బజారును కలుపుకొని నడుమ గోడ కట్టిన్రు. బజారు మీది నీళ్లు అందరియి. మొద్దు మీ ఇద్దరిది గాదు. వంతులేస్తా."

"మా అయ్య అట్ల చెయ్యడు," అంది జోగులమ్మ.

"మా అయ్య అసలే చెయ్యడు," అన్నాడు మల్లేశ్. వాళ్లిద్దరూ ఒకే మాట అనడం నేను వినడం అదే మొదలు.

సొసైటీ తెర మిషన్‌నే కొన్నది. బంతి వనపర్తికి తిరిగి పోయింది. మొద్దు దగ్గర ఇప్పుడు అందరికీ వంతులు. జోగులమ్మ వంతు వచ్చేది అప్పుడప్పుడే. మిగతా రోజుల్లో అచ్చంపేట వైపు చేపల లోడు బండి మీద కూలికి పోతుంది. మానస ఇంకా హాస్టల్లోనే ఉంది. వచ్చే ఏడు సంగతి ఎవరికీ తెలియదు. జోగులమ్మ వంతు నాడు ఎవరైనా పొరపాటున మొద్దు దగ్గరికి వస్తే ఆమె తెడ్డు ఎత్తుతుంది. ఆమె కంటే ముందు మల్లేశ్ ఎత్తుతాడు. అలాగని వాళ్లు మాట్లాడుకుంటున్నారని కాదు. "నా కంటికి కనబడకు" అని ఒకరినొకరు రోజూ తిట్టుకుంటారు. ఆ బురద దగ్గర నేను నవ్విన నాటి నుంచి నాతో అయితే ఆమె ఆ మాత్రం కూడా మాట్లాడదు.

ఇందులో ఒక్కటి నా కల్పన. గోడ నిజం, బజారు నిజం, మంచు మీట నిజం, నేను చూపిన బురద కూడా నిజమే. మల్లేశ్ నీళ్లలో పడలేదు. ఫోన్ ఇచ్చేసి, పొడి బట్టలతో, తెడ్డు వేసుకుంటూ ఒడ్డుకొచ్చాడు. ఎంత రాసినా వాణ్ని పొడిగా ఉంచడం నా చేత కాలేదు, అందుకే కథలో నీళ్లలోకి తోశాను.