కృత్తిక ఎందుకు లేచింది

మా కోడలు కృత్తిక మాట తప్పిందని వీధంతా చాటింది ఇంకెవరో కాదు, మా ఆయనే.

కృత్తిక మా సింగానల్లూరు వార్డు కౌన్సిలర్. ఇళ్ల మధ్య ఇనుము కోసే లేతు మిషన్ల షెడ్లు ఉండకూడదని, ఊరి బయటికి పోవాలని కార్పొరేషన్‌లో తీర్మానం పెట్టారు. మా వీధిలో సగం ఇళ్లకు ఆ షెడ్లే కూడు పెడుతున్నాయి. కృత్తిక వీధి చివర మీటింగు పెట్టి, మైకు పట్టుకుని, దీనికి నేను ఒప్పుకోనని గట్టిగా చెప్పింది. మా ఆయన నాగరాజన్ ముందు వరసలో కూర్చుని అందరికన్నా ఎక్కువ చప్పట్లు కొట్టారు.

ఓటింగు రోజు కోడలి ధాటి కళ్లారా చూడాలని ఇస్త్రీ చొక్కా వేసుకుని బస్సెక్కారు. మధ్యాహ్నానికల్లా మాడిన ముఖంతో ఇంటికొచ్చారు.

"నేను సభలోకి కాలు పెడితిని వల్లీ. తీర్మానానికి సరే అనేవాళ్లు లేవండి అనిరి. మన పిల్ల లేచి నిలబడె! చూడలేక వచ్చేస్తిని."

వచ్చే దారిలో టీకొట్టు దగ్గర కూడా చెప్పేశారట. ఆయన నోట్లో నువ్వుగింజ నానదు కదా!

సాయంత్రానికి వాకిట్లో జనం చేరారు. రేపటినుంచి ఈ పిల్ల ఈ వీధిలో తలెత్తుకుని ఎలా తిరుగుతుంది?

కృత్తిక ఆటో దిగి, అలసటగా అరుగు మీద కూలబడింది. లేతు షెడ్డు ఇళంగో మీదికొచ్చాడు.

"మైకులో ఒక మాట, ఓటులో ఒక మాటానా అక్కా?"

"ఎవరు చెప్పిరి?"

"నేనే చెప్పితిని!" అంటూ మా ఆయన లోపలినుంచి వచ్చారు.

కృత్తిక చటుక్కున లేచి నిలబడింది. మామగారు కనబడితే చాలు, పెళ్లైన నాటినుంచీ ఇదే వరస. నేను ఎంత చెప్పినా వినదు.

అప్పుడు తట్టింది నాకు.

"ఏమే, అక్కడా ఇట్లే లేస్తివా?"

"మామ సభ వాకిట్లో కనబడిరి అత్తా, లేస్తిని," అంది అయోమయంగా. "మామ పోయినాక కూర్చుంటిని. వద్దనేవాళ్లు లేవండి అంటే మళ్లీ లేస్తిని. రెండు పక్కలా లేస్తే ఎట్లమ్మా అని మేయర్ తిట్టిరి. మా మామ వచ్చిరి అయ్యా అంటిని, సభంతా నవ్విరి. నాది వద్దనే రాసుకునిరి. తీర్మానం ఓడిపోయె!"

ఇళంగో సెల్‌లో సభ వీడియో పెట్టాడు. మేయర్ తిట్లు, ఆ వెంటనే నవ్వులు మా అందరికీ వినబడ్డాయి. నాకు ప్రాణం లేచొచ్చింది. ఇళంగో సిగ్గుపడుతూ నవ్వేశాడు.

"కూర్చోమ్మా," అన్నారు మా ఆయన మెల్లగా.

కూర్చోలేదు. ఇంకోసారి చెప్పారు. చీర కొంగు సర్దుకుని అలాగే నిలబడింది.

ఇక లాభం లేదని ఆయనే లోపలికి పోయి తలుపు దగ్గరగా వేసుకున్నారు. కృత్తిక హమ్మయ్య అని అరుగు మీద కూర్చుంది.

"నా కోడలు వద్దనే ఓటు వేసె! వినబడెనా అందరికీ?" అని తలుపు వెనకనుంచి మా ఆయన అరుస్తూనే ఉన్నారు.