చాయ్‌కి ఒక్కపొద్దు లేదు

స్టాండు మీద పేర్చిన సర్వపిండి ముక్కలు పెట్టినవి పెట్టినట్టే ఉన్నాయి. పక్కన దోసకాయ శాండ్‌విచ్‌లు ఫ్యాను గాలికి అంచులు లేచి ముడుచుకుంటున్నాయి. కెటిల్‌లో చాయ్ మీద మీగడ కట్టింది. జెస్సికా దాన్ని మళ్ళీ వేడి చేసి తెచ్చింది. మళ్ళీ మీగడ కట్టింది.

వచ్చినవాళ్ళు తక్కువేం కాదు. మడికొండ దగ్గరి ఆ కొత్త కాలనీలో ఉన్న ఆడవాళ్ళంతా ఆమె హాల్లోనే ఉన్నారు. "వసంతం హై టీ, అందరూ పసుపుపచ్చ బట్టల్లో రావాలి" అని వాట్సాప్‌లో పెడితే నిజంగానే పసుపుపచ్చ కట్టుకుని దిగారు. ఇత్తడి చెంబులో గుచ్చిన మోదుగుపూల పక్కన నిలబడి ఫొటోలు దిగారు. ఇల్లు బాగుందన్నారు. కర్టెన్లు ఎక్కడ కొన్నావన్నారు. తినమంటే మాత్రం అందరిదీ ఒకటే పాట.

"అయ్యో, ఇయ్యాల శనివారం కదనే జెస్సికా! నాకు ఒక్కపొద్దు," అంది శ్రీలత. పక్కింటామె, కాలనీ సంఘం అధ్యక్షుడి భార్య. ఆమె తుమ్మితే మిగతావాళ్ళకు జలుబు చేస్తుంది.

"నాకు గూడ అక్కా," అంది ఎదురింటి మానస, స్టాండు వైపు చూడకుండా.

"పోనీ చాయన్న తాగుండ్రి."

"వద్దొద్దు, నువ్ ఫికర్ చెయ్యకు. వచ్చుడు ముఖ్యం గని తినుడు ముఖ్యమా?" శ్రీలత ఆమె భుజం తట్టింది. ఆ తట్టడంతో అందరూ లేచారు. చెప్పులు వేసుకున్నారు. పోయారు.

హాలు నిండా కుర్చీలు మిగిలాయి. కొత్తగా కొన్న పింగాణీ కప్పులు ఒక్కటి కూడా తడవలేదు.

మూలన పీట మీద మొగిలమ్మ కూర్చుని ఉంది. జెస్సికా తల్లి పోయాక పెంచి పెద్దచేసిన పెద్దమ్మ. ఈస్టర్ పండక్కి నర్సంపేట అవతలి ఊరి నుంచి వచ్చి, ఈ హై టీ ఏమిటో చూసి పోతానని ఆగింది. నిన్న తొవ్వ పక్కన ఆ మోదుగు కొమ్మలు విరిచి తెచ్చింది ఆమే. పొద్దున్నుంచి వేళ్ళు కాల్చుకుంటూ సర్వపిండి ఒత్తింది కూడా ఆమే.

"మొఖం గట్ల పెట్టకు జెస్సీ," అన్నాడు స్టీఫెన్, ఆమె భర్త. "ఫాస్టింగ్ ఉంటే తినరు. ఈస్టర్ ముందు శ్రమకాలంల మనం ఉపవాసం ఉండమా?"

"ఒక్కపొద్దు సంగతి నాకు తెల్వదా అల్లుడా?" అంది మొగిలమ్మ. "మా ఊళ్ళె ఒక్కపొద్దోళ్ళు పొద్దంత చాయ్ మీదనే బతుకుతరు. అన్నానికి ఒక్కపొద్దు గని, చాయ్‌కేం ఒక్కపొద్దు?"

"జర ఊకో పెద్దమ్మా." ఆ మాట చెవిన పడితే నమ్మాల్సి వస్తుందని జెస్సికాకు తెలుసు.

"ఊకుంట తియ్. ఒక్క మాట చెప్పు. శనివారమని దినం ఎవలు పెట్టిన్రు?"

జెస్సికా చేతిలో ట్రే ఆగిపోయింది.

తాను అనుకున్నది ఆదివారం. చర్చి నుంచి వచ్చాక, సాయంత్రం. ముందు శ్రీలతకే చెప్పింది. "ఆదివారం వద్దే, మటన్ తిని అందరు పండుకుంటరు. శనివారం పెట్టు, అందరం వస్తం," అంది శ్రీలత. అందరం వస్తం అన్న ముక్కకు పొంగిపోయి, దవాఖానలో నర్సు డ్యూటీ మార్పించుకుని మరీ శనివారం పెట్టుకుంది.

ఒక్కపొద్దున్న రోజునే చూసి పెట్టించింది! రాకపోతే మాట వస్తుంది. వస్తే తినాలి. కనుక వచ్చి తినకుండా పోయే రోజు కావాలి. దానికి ఎంత నెమ్మదిగా, ఎంత ప్రేమగా ఏర్పాటు చేసింది!

ఇప్పుడు ఒక్కొక్కటే లేచి వచ్చి ఆమె ముఖాన కొట్టాయి. ఇంట్లో దిగిన వారంలోనే శ్రీలత ఇంటిపేరు అడిగింది. ఊరడిగింది. ఊళ్ళో మీ ఇల్లు ఏ దిక్కున అని అడిగింది. జెస్సికా ఏదీ దాచలేదు. దాచాల్సిన పని ఏముంది? మొన్న ఉగాదికి శ్రీలత ఇంట్లో బచ్చాలు తిన్నది. అందరికీ స్టీలు పళ్ళెం, తనకు కాగితపు ప్లేటు. పళ్ళాలు తక్కువ పడ్డాయేమో అనుకుంది. అనుకుని, ఇంకోటి వేయమని నవ్వుతూ అడిగింది కూడా. అదే శ్రీలత అత్తకు రోజూ పొద్దున ఇన్సులిన్ సూది వేసేది ఎవరు? దవాఖానకు పరిగెత్తే ముందు, సొంత టిఫిన్ మానుకుని, పైసా అడగకుండా వేసేది ఎవరు? సూది పొడిచే చెయ్యి కావాలి. చాయ్ పోసే చెయ్యి వద్దు. ఒంట్లోకి మందు పోవచ్చు, గొంతులోకి చాయ్ పోకూడదు. ఏ శాస్త్రంలో ఉంది ఇది? ఏ సిగ్గులేని శాస్త్రంలో?

"మా ఊరి హోటల్ల మన గిలాసలు వేరేగ చూరుకు చెక్కి ఉండేటియి," అంది మొగిలమ్మ, చీర కొంగుతో మోకాలు తుడుచుకుంటూ. "మనమే తీసుకునుడు, మనమే కడిగి పెట్టుడు. ఆడ మొఖం మీదనే చెప్పిన్రు. ఈడ పసుపు చీరలు కట్టుకొచ్చి చెప్పిన్రు. గంతే ఫరక్."

అంతలో ఇంటి వెనక నుంచి నవ్వులు వినిపించాయి. జెస్సికా వంటింటి కిటికీలోంచి చూసింది. కాలనీ క్లబ్ హౌస్ వరండాలో పసుపుపచ్చ చీరలు. చేతుల్లో గేటు ముందు బండి మీది మిర్చి బజ్జీలు. ఒకామె ఉల్లిపాయ ముక్కలు పంచుతోంది.

జెస్సికా గిన్నెలో పాలు పోసి పొయ్యి మీద పెట్టింది. అల్లం దంచింది. రోలు పగిలిపోతుందేమో అన్నట్టు దంచింది.

"జెస్సీ, వద్దు," అన్నాడు స్టీఫెన్. "రేపు మల్ల మొఖాలు చూసుకోవాలె."

"నేను రోజు చూస్తనే ఉన్న. రేపటి సంది వాళ్ళు చూస్తరు."

ట్రే నిండా కప్పులు, కెటిల్ నిండా చాయ్. స్టాండును అక్కడే వదిలేసింది. ఒక్క సర్వపిండి ముక్క కూడా తీసుకోలేదు. వెనకే మొగిలమ్మ చెప్పులు లేకుండానే నడిచింది.

వరండాలో నవ్వులు తెగిపోయాయి. శ్రీలత చేతిలో సగం కొరికిన బజ్జి ఉంది. దాన్ని ఎక్కడ పెట్టాలో తోచక చేతిలోనే పట్టుకుంది.

"తిండి తేలే అక్కా," అంది జెస్సికా. "ఒక్కపొద్దు కదా మీకు. చాయ్ ఒక్కటే తెచ్చిన. చాయ్‌కి ఒక్కపొద్దు లేదు."

కప్పుల్లో పోసి ఒక్కొక్కరి ముందు పెట్టింది. ఆవిరి లేస్తోంది. ఎవరూ ముట్టలేదు.

"నాకు కడుపుల మంటనే. చాయ్ బంద్ చెయ్యమన్నడు డాక్టరు," అంది శ్రీలత.

"మిర్చి బజ్జి తింటే సల్లారుతదని చెప్పిండా అదే డాక్టరు?"

ఎవరో నవ్వబోయి దగ్గారు. మానస చెయ్యి కప్పు దాకా పోయింది. కప్పు పిడిని వేళ్ళు తాకాయి. శ్రీలత అటు తిరిగి చూసింది. మానస చెయ్యి వెనక్కి వచ్చి ఒళ్ళో పడుకుంది.

"దీన్ని ఎందుకింత పెద్దగ చేస్తున్నవ్?" శ్రీలత గొంతు పెంచింది. "మేం ఏమన్నమా నిన్ను? ఒక్క మాటన్న అన్నమా?"

"అనలే. గదే నా మంట. అనుండ్రి! మాదిగోళ్ళ ఇంట్ల మేం చాయ్ తాగం అని నోటితోని అనుండ్రి. అనడానికి సిగ్గయితదా? చేయడానికి కాలేదు గదా! మీ అత్తకు రేపు పొద్దున సూది ఎవలు వేస్తరో చూసుకో అక్కా. లేకుంటె ఆమెను నా ఇంటికి తోల్కరా. కూసోబెట్టి వేస్త. వేసినంక చాయ్ పోస్త. తాగి పోవాలె."

శ్రీలత ముఖం బజ్జీలోని మిరపకాయలా పాలిపోయింది. మొగిలమ్మ బెంచీ మీద చతికిలబడి, శ్రీలత ముందున్న కప్పు అందుకుని, అందరికీ వినపడేటట్టు జుర్రున తాగింది.

"అల్లం మంచిగ పడ్డది బిడ్డా," అంది.

జెస్సికా ఖాళీ కెటిల్ ఒక్కటే తీసుకుంది. "కప్పులు ఈడనే ఉంటయ్. తాగుండ్రి, పారబోయుండ్రి, మీ ఇష్టం. కడిగి నా ఇంటికి తెచ్చియ్యుండ్రి."

చీకటి పడుతుండగా కాలనీ గ్రూపులో మెసేజ్ వచ్చింది. "క్లబ్ హౌస్‌లో ఎవరివో కప్పులు ఉన్నాయి, చీమలు పడుతున్నాయి. దయచేసి సంబంధించిన వారు తీసుకెళ్ళగలరు." పెట్టింది శ్రీలత భర్త. సంబంధించిన వారట! ఇందాక ఫొటోలకు లైకులు కొట్టిన చేతులన్నీ దాని కింద దండాలు పెట్టాయి.

జెస్సికా టైపు చేసింది: "నావే. తాగుమని పోసిన. కడిగి తెచ్చి ఇయ్యుండ్రి." పంపి ఫోను బోర్లా పెట్టింది.

స్టీఫెన్ కాసేపు అటూ ఇటూ తిరిగాడు. ఆఖరికి చెప్పులు వేసుకున్నాడు. "నేను పోయి తెస్త జెస్సీ. లొల్లి ఎందుకు?"

జెస్సికా తలుపుకు అడ్డంగా నిలబడింది. ఆమె నోరు తెరిచేలోపే వెనక నుంచి మొగిలమ్మ సర్వపిండి నములుతూ అంది:

"కూసో అల్లుడా. మన గిలాసలు మనం మస్తు దినాలు కడిగినం."