పొగపెట్టెకు హస్తవాసి

మా మామ వైకుంఠం బేగంబజార్‌లో చేపలు అమ్ముతాడు. తొంభై ఎనిమిదిలో ఓ పెద్ద హోటలువాళ్ళు పొగబెట్టిన చేప కావాలన్నారు. అప్పటి నుంచి మొఘల్‌పురాలో మా ఇంటి వెనక రేకుల గదిలో పాత ఇనుప బీరువా ఒకటి వచ్చి కూర్చుంది. అడుగున కరెంటు కాయిల్, దాని మీద రంపపుపొట్టు పళ్ళెం, పైన కొక్కేలకు చేపలు. ముందు స్టూలు మీద నేను. వేడి పెరిగితే చేప ఎండి రాలిపడుతుంది, తగ్గితే పాడవుతుంది. తలుపు మీద చెయ్యి పెట్టి చూసి స్విచ్ వెయ్యాలి, ఆపాలి, మళ్ళీ వెయ్యాలి. నా బీఈడీ చదువు ఇందుకు అక్కరకొచ్చింది.

వీధి చివరి స్కూల్లో టీచరు ఉద్యోగం ఖాళీ అయింది. హెడ్‌మిస్ట్రెస్ అమ్మాజీ మేడమ్, "సోమవారం వచ్చి చేరు సుచరితా, లేకపోతే వేరేవాళ్ళకు ఇచ్చేస్తా" అంది. మా ఆయన విశ్వేశ్వర్‌ని అడిగితే "బాపును అడుగు" అన్నాడు. మామను అడిగితే, "పో బిడ్డా, ఎవరొద్దన్నరు? గని పెట్టె కాడ ఎవరు కూసుంటరు?" అన్నాడు. తలుపు తీసి, గడప మీద తానే అడ్డంగా పడుకున్నట్టుంది.

మా నాన్నది ఇస్త్రీపెట్టెలు బాగుచేసే దుకాణం. వేడికి కాపలా కాయడం మనిషి పని కాదనేవాడు. వేడి చాలగానే కరెంటు ఆపేసే థర్మోస్టాట్ ఒకటి, పాత ఓవెన్‌లోది, తెచ్చి, మామ బజారుకు పోయాక కాయిల్ తీగకు కలిపాను. వేడి కనిపెట్టే దాని రాగి బుడిపెను మొదట కాయిల్ పక్కనే పెట్టాను. అక్కడి సెగకే కరెంటు ఆగిపోయి, పైన చేపలు పచ్చిగానే ఉండిపోయాయి. బుద్ధి తెచ్చుకుని బుడిపెను చేపల ఎత్తున కట్టాను. ఈసారి అదే ఆగింది, అదే మళ్ళీ వేడెక్కింది. లోపలికి పోయి ఎన్నాళ్ళకో వేడన్నం తిన్నాను. తింటుంటే ఏడుపొచ్చింది.

ఆదివారం మామ మిఠాయి పొట్లంతో వచ్చాడు.

"హోటలోళ్ళు మస్తు మెచ్చుకున్నరు బిడ్డా. గిది ఎవరి చెయ్యి అని అడిగిన్రు. మా కోడలి హస్తవాసి అని చెప్పిన."

"నా చెయ్యి కాదు మామా." పెట్టె వెనక్కి తీసుకుపోయి థర్మోస్టాట్ చూపించాను. "వేడి గిదే చూస్కుంటది. పొట్టు పోసి చేపలు తగిలిస్తే చాలు, అత్తమ్మయినా చేస్తది. రేపు నేను బడికి పోత."

మామ వంగి చూశాడు. వేడి ఎంతుండాలో పెట్టే దాని నాబ్ తిప్పబోయి చెయ్యి వెనక్కి తీసుకున్నాడు.

"గిది ఎవరు పెట్టిన్రు?"

"నేనే."

"మరి నీ చెయ్యే గదా" అని నవ్వాడు. ఆ నవ్వులో కపటం లేదు. అదే నా కొంప ముంచింది.

సోమవారం తలస్నానం చేసి, గంజి పెట్టిన చీర కట్టుకుని, సంచి భుజానికి తగిలించుకున్నాను. రేకుల గది ముందు అత్త నాగమణమ్మ హారతి పళ్ళెంతో నిలబడి ఉంది. మామ థర్మోస్టాట్‌కు పసుపు కుంకుమ పెడుతున్నాడు. పక్కన ఇంకో బీరువా.

"వేరే చెయ్యి పడితే ఖరాబయితది. నువ్వే తిప్పు బిడ్డా. దీనికి గూడ గసొంటిదే పెట్టు."

"బడికి టైమయితుంది మామా."

"బడి ఏడికి పోతది?" అంటూ అత్త నా సంచి తీసి మేకుకు తగిలించింది.

నాబ్ తిప్పాను. వీధి చివర గంట కొట్టారు. పిల్లల ప్రార్థన మొదలై, అయిపోయింది. అప్పుడు పెట్టెలో టక్‌మంది. వేడి సరిపోయి, కాయిల్ దానంతటదే ఆగింది. ఇక నేను చెయ్యాల్సిందేమీ లేదు. స్టూలు మీద కూర్చున్నాను.