రెండో చరణం

"ఎవరు పాడితే ఏంది? పేరు నీదే చెప్తరంట గదా" అన్నాడు రాఘవేందర్, ఆఫీసుకు తయారై సాక్సులు వేసుకుంటూ.

మంజూష చిక్కుడుకాయల ఈనెలు తీస్తోంది. పేరట, పేరు! పెళ్లికి ముందు తారక్ బ్యాండులో పాటలు రాసింది తను, బాణీలు కట్టింది తను, గొంతు చించుకుని పాడింది తను. పెళ్లయి అమీర్‌పేటలోని ఈ ఇంటికి వచ్చాక, ఇంటిల్లిపాదికీ వండిపెట్టి గానీ ప్రాక్టీసుకు కదలడానికి లేదు. నాలుగు రోజులు ఆలస్యమైందో లేదో, కృష్ణానగర్ నుంచి రవళి అనే పిల్లను తెచ్చి మైకు ముందు నిలబెట్టారు. "ఇంట్ల పాడుకో, ఎవరొద్దన్నరు?" అంటాడు మొగుడు. అత్త చంద్రమ్మ అయితే వచ్చినవాళ్లందరికీ "మా కోడలు మస్తు పాడుతది" అని గొప్పగా చెప్పి, ఆ ఊపులోనే "జర చాయ్ పెట్టు బిడ్డా" అంటుంది. అన్నీ మింగింది. కానీ తనను పాడమని పిలుస్తారనే ఆశతో ఫోనులో పాడి పంపిన కొత్త పాటను, శనివారం పంజాగుట్ట షోలో రవళి పాడుతుందన్నది మాత్రం మింగుడుపడలేదు.

తారక్ పంపిన ప్రాక్టీసు రికార్డింగు పెట్టింది. రవళి గొంతు మంచిదే, అబద్ధమెందుకు. పల్లవి అయింది, మొదటి చరణం అయింది, రెండోది మొదలైంది.

"ఉప్పు చూసినవా, పప్పు చూసినవా, ఉల్లిగడ్డ కోసినవా..."

గుండెలు పిండేలా పాడుతోంది పిల్ల. వెనక గిటారు వలవలా ఏడుస్తోంది.

ఓరి దేవుడా, అది డమ్మీ! బాణీ కుదిరి మాటలు కుదరనప్పుడు నోటికేదొస్తే అది పెట్టి పాడతారే, ఆ డమ్మీ. పాట పంపిన రోజు వంటింట్లో తన నోటికొచ్చింది ఉప్పూ పప్పే మరి. అసలు మాటలు తర్వాత కుదిరాయి, ఎవరికీ పంపలేదు. మంజూష నవ్వీ నవ్వీ కళ్లు తుడుచుకుంది. ఆ అసలు చరణం తన గొంతులో తప్ప ఎక్కడా లేదని తట్టగానే ఒళ్లంతా గర్వంతో పొంగింది.

చెప్పకుండా ఊరుకుంటే? జనం తారక్‌ను చూసి నవ్వరు, రవళిని చూసి నవ్వుతారు. అది మనసొప్పలేదు. ఫోన్ చేసింది.

"డమ్మీనా? మేం మస్తు డీప్‌గ ఉందనుకున్నం అక్కా" అన్నాడు తారక్ నీరసంగా. "అసలు లైన్లు పంపు. రవళి నేర్చుకుంటది."

"పంప. నేనే వచ్చి పాడుత. రవళి నా పక్కన నిలబడి పల్లవి అందుకుంటది, మీరు వాయించుండ్రి. కాదంటే నా పాట నాకియ్యి, ఒక్కదాన్నే పాడుకుంట."

"రేపు ప్రాక్టీసుకు రా అక్కా" అన్నాడు తారక్ చివరికి.

రాఘవేందర్ రెండో సాక్సు చేతిలోనే పట్టుకుని చూస్తున్నాడు. "శనివారం మా అక్కోళ్లు భోజనానికి వస్తున్నరు. మర్చిపోయినవా?"

మంజూష లేచి ఒళ్లో ఈనెలు దులుపుకుంది. అసలు చరణాన్ని గొంతెత్తి మొత్తం పాడింది. పెళ్లయ్యాక ఈ ఇంట్లో అంత గట్టిగా ఎన్నడూ పాడలేదు. చంద్రమ్మ వచ్చి గుమ్మంలోనే నిలబడిపోయింది.

"మర్చిపోలే" అంది మంజూష. "అందర్నీ పంజాగుట్టకు తోల్కరా. టికెట్లు మాత్రం కొనుక్కొని రండ్రి."