పేరు చెప్పలేదు కదా

తొలికాన్పుకు గోపాల్‌పేటలోని తల్లిగారింటికి పోయిన ఉమారాణి ప్రాణాలతో తిరిగి రావడమే గొప్ప. బిడ్డ పుట్టాక నెత్తురు ఆగక, దవాఖానలో గర్భసంచి తీసేశారు. "కడుపు కోసి బిడ్డను తీసిన్రు, గంతే" అని తల్లి అత్తవారికి అబద్ధం చెప్పింది.

ఆ అబద్ధాన్ని పాన్‌గల్‌లో మూడేళ్లు కాపాడింది ఉమారాణి. నెలనెలా మూడు రోజులు వంటింటి గడప తొక్కకుండా వసారాలో చాప వేసుకొని కూర్చునేది. అత్త జోగులమ్మ దూరం నుంచే కంచం జరిపేది.

"ఈ నెల గూడ పాయె. మా శివగానికి కొడుకును ఎప్పుడిస్తవే?"

ఈలోగా నాగర్‌కర్నూల్ కాలేజీ పిల్లలు ఊళ్లోకి దిగారు. ఆపరేషన్లయిన ఆడవాళ్ల బతుకులు ఎట్లా మారాయో ఇల్లిల్లూ తిరిగి రాసుకుంటున్నారు. అత్త చేనుకు పోయిన పూట తేజస్విని అనే పిల్ల వచ్చి ఎదురుగా కూర్చుంది. తొమ్మిదో తరగతిలోనే బడి మానిన ఉమారాణి, ఎవరినీ అడగలేనిది ఆ పిల్లను అడిగేసింది.

"నాకేమన్న అయితదా చెల్లె? నడుము గుంజుతది, కండ్లు తిరుగుతయి. నేను పోతే నా బిడ్డను చూసేటోల్లు లేరు."

"ఏం కాదక్కా. మొత్తం చెప్పు. పేరు రాయం, ఒట్టు."

చెప్పింది. చాప సంగతి కూడా చెప్పింది. ఆ పూట కడుపునిండా తిన్నది.

పది రోజులకు, రాసుకున్నది ఊరివాళ్లకే చదివి వినిపించాలని వాళ్ల సారు అందరినీ బడికి పిలిపించాడు. తేజస్విని గొంతు సవరించుకొని చదివింది.

"ఒక తల్లి. వయసు ఇరవై రెండు, చదువు తొమ్మిది. మూడేండ్ల ఆడపిల్ల ఒక్కతే. కాన్పుల గర్భసంచి తీసేసిన్రు. అత్తకు తెల్వకుండ నెలనెలా మూడు రోజులు వసారల చాపేసుకొని కూసుంటది."

తలలన్నీ ఒక్కసారే ఉమారాణి వైపు తిరిగాయి. వెనక ఎవరో కిసుక్కున నవ్వారు.

"ఓ జోగులక్కా, మూడేండ్లసంది ఎవరికి జరిపినవే కంచం?"

సారు చప్పట్లు కొట్టాడు. ఊరూ కొట్టింది. జోగులమ్మ కూడా కొట్టింది.

ఉమారాణి గేటు దగ్గర తేజస్విని చెయ్యి పట్టుకుంది. "ఎంత పని చేసినవ్ చెల్లె!"

"పేరు చెప్పలేదు గదక్కా!" ఆ పిల్ల నిజంగానే బిత్తరపోయింది.

ఇంటికొచ్చేసరికి బట్టల సంచి గుమ్మంలో ఉంది. ఆటో వాకిట్లో ఉంది.

"మీ అమ్మకు ఫోన్ చేసిన," అంది జోగులమ్మ. "నువ్వు పో. బిడ్డ మాది, ఈడనే ఉంటది. శివగానికి పెద్దమందడిల వేరే పిల్లను చూస్తం."

ఉమారాణి మొగుడి వైపు చూసింది. శివ ఆటో టైరు వైపు చూస్తున్నాడు.

"నేను పక్కన లేకుంటే రాత్రి అది పండుకోదు అత్తమ్మా."

"అబద్ధం పక్కన మూడేండ్లు నేను పండుకోలేదా? అదీ పండుకుంటది."

చుట్టుపక్కల వాళ్లు చూస్తుండగా శివ సంచి తెచ్చి ఆటోలో పెట్టాడు. జోగులమ్మ చంకలోని బిడ్డకు బిస్కెట్ ప్యాకెట్ దొరికింది. అమ్మ అంగడికి పోతోందనుకొని నవ్వుతూ చెయ్యి ఊపింది. దాన్ని ఏడిపించడం ఇష్టం లేక ఉమారాణి కూడా ఊపింది.